నీలం జిగురు

మా పిన్ని పగబట్టిందంటే మరిచిపోయే మనిషి కాదు. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

చమురు కంపెనీ ల్యాబులో ఆమె పని రాళ్ళు అరగదీయడం. బావి తవ్వితే పైకొచ్చిన సున్నపురాయిని ముక్క కోసి, గాజుపలకకు అతికించి, వెలుతురు దాటేంత పల్చగా అరగదీయాలి. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న గవ్వల బురద. తర్వాత భూమిలోని నీళ్ళు ఆ గవ్వలను కరిగించి బెజ్జాలు చేస్తాయి. ఇంకెప్పుడో వచ్చిన నీళ్ళు ఆ బెజ్జాల్లోనే స్ఫటికాలు పేర్చి మూసేస్తాయి. బెజ్జాలు మిగిలితే చమురు నిలుస్తుంది, మూసుకుపోతే బావి దండగ. అందుకే పిన్ని అరగదీసే ముందు రాయికి నీలం జిగురు పట్టించేది. అసలు బెజ్జం నీలంగా కనిపిస్తుంది. తెల్లగా కనిపించేది అరగదీతలో రాలిన చోటు, అంతే. జిగురు లేకపోతే రెండూ తెల్లగానే కనిపిస్తాయి.

ఏడేళ్ళ క్రితం కొత్తగా వచ్చిన ఆఫీసరు జిగురు ఆరేదాకా ఆగలేకపోయాడు.

"జిగురు లేకుండా చూస్తే మోసపోతాం సార్," అంది పిన్ని.

"తొందరలో ఉన్నామమ్మా. చెప్పింది చెయ్యి."

చేసింది. తెల్ల మచ్చలన్నీ బెజ్జాలనుకుని అతను ఆ బావిని పూర్తిగా తవ్వించాడు. చుక్క చమురు రాలేదు. విచారణలో మాత్రం, రాయిని పిన్నే పాడుచేసిందని తడుముకోకుండా చెప్పాడు. ఆమెను రాళ్ళపెట్టెల గోదాములో పడేశారు. ఇరవై ఏళ్ళ చేతిపని ఒక్క అబద్ధంతో మట్టిపాలైంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిన్ని ఏడవలేదు. గోదాములో మిగిలిన ఆ బావి రాతిముక్కకు జిగురు పట్టించి, చేత్తో అరగదీసి దాచింది. ఈమధ్య అతను ఇంకో బావి రాయిని మళ్ళీ జిగురు లేకుండానే చేయించాడని తెలిసింది. దాని మిగులు ముక్కనూ అలాగే అరగదీసింది. ఎక్కడా నీలం లేదు. నెల్లాళ్ళు నోరు మెదపలేదు.

కంపెనీ పెద్దలు కూర్చున్న రోజు, అతను తెల్ల మచ్చలు చూపించి మురిసిపోతుండగా, పిన్ని లోపలికెళ్ళి రెండు పలకలు బల్ల మీద పెట్టింది.

"ఒకటి ఈ బావిది, నెల కిందట చేసింది. ఒకటి ఏడేళ్ళ నాటి బావిది. జిగురు పట్టించి చేశానండీ."

పెద్దాయన మైక్రోస్కోపులో చూశాడు. "నీలం ఏదమ్మా?"

"బెజ్జాలుంటే కదండీ!"

మర్నాడే పిన్నిని ల్యాబుకు పిలిచారు, అతన్ని కుర్చీలోంచి దింపారు. వరండాలో అతను ఆమెకు అడ్డంపడ్డాడు.

"నెలరోజులుగా తెలిసి ఊరుకున్నావా? నాతో ఒక్కమాట ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మీరు తొందరలో ఉంటారు కదా సార్," అంది పిన్ని.