పిడుగు కబురు వచ్చాక మీరేం చేశారు?

నాకు పిడుగంటే భయం. నలభయ్యో పడి దగ్గరపడుతున్నా, ఉరుము వినబడితే మంచమెక్కి కాళ్ళు ముడుచుకుని కూర్చునే మనిషిని నేను. అలాంటిదాన్ని పట్టుకొచ్చి పిడుగుల పనిలోనే పెట్టారు. పెద్ద చదువుల పనేం కాదు. తమిళనాడులో కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో రైతుల ఫోన్లకు వాన, గాలి, పిడుగు గురించి ముందే కబురు పంపే ఏర్పాటు ఒకటుంది. ఆ కబురు విన్నవాళ్ళు నిజంగా ఏమైనా చేస్తున్నారా, విని చెవి దులుపుకుంటున్నారా అని ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకురావాలి. నెలకోసారి విరుదునగర్ ఆఫీసుకు పోయి ఆ కాగితాలు అప్పజెప్పాలి. అంతే.

నన్నే ఎందుకు తీసుకున్నారంటే, ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. వీధిలోకి వస్తే అందరం తమిళమే. ఫోన్లో వచ్చే కబురూ తమిళమే, అదీ వార్తలు చదివే తమిళం. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చినవాడు అదే తమిళంలో ప్రశ్నలడిగితే మా ఆడవాళ్ళు "ఆమాం సార్, ఆమాం సార్" అని అన్నిటికీ అవునని తలూపి పంపేస్తారు. నేను అరుగు మీద కూర్చుని, వాళ్ళ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మన మాటలో అడిగితే మాత్రం కడుపులో ఉన్నదంతా చెబుతారు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. దాచడమెందుకు?

నా కాగితంలో ఏడో ప్రశ్న ఇది: పిడుగు కబురు వచ్చాక మీరేం చేశారు? దాని కింద నాలుగు గళ్ళు. ఇంటికి వెళ్ళిపోయాం. గట్టి కట్టడంలోకి వెళ్ళాం. వేరే జాగ్రత్త తీసుకున్నాం. ఏమీ చేయలేదు. మొదటి రెండూ చెప్పేవాళ్ళు తక్కువ. కూలి పనో, సొంత చేనో, సగంలో వదిలేసి వచ్చేదెవరు? ఎక్కువమంది నోట ఒకటే మాట.

"ఫోను ఆపేసినాము పాపా. ఆపేసి, కవర్లో చుట్టి, సద్ది సంచిలో అడుగున పెట్టేసినాము."

మా వైపు ఇది అలవాటు. ఉరిమితే కొడవలి, పార గోతాల కింద దాచేవాళ్ళు. టీవీ వైరు పీకేసేవాళ్ళు. ఫోన్లు వచ్చాక ఫోన్లూ ఆ వరసలో చేరాయి. ఫోను పిడుగును లాగుతుందని చిన్నా పెద్దా అందరి నమ్మకం. లాగదని పనిలో చేరిన కొత్తలో మాకు చెప్పారు. చార్జింగుకని గోడకు గుచ్చి ఉన్నప్పుడే ముట్టుకోవద్దు, చేతిలో ఉన్నదానితో భయం లేదు అన్నారు. నోటు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను కూడా. ఆ వారమే ఇంట్లో ఉన్నప్పుడు ఉరిమింది. నేను చేసిన మొదటి పని నా ఫోను ఆపేయడం! జనం మారారా లేదా అని కొలవడానికి బయల్దేరిన మహాతల్లిని కదా.

కాబట్టి వాళ్ళు ఆపేశామని చెబితే నాకు తప్పుగా తోచలేదు. "మంచి పని చేసినావు అక్కా" అని తలాడించి, మూడో గడిలో టిక్కు పెట్టేదాన్ని. కబురు విన్నారు, ఏదో ఒకటి చేశారు, అదే కదా కావలసింది. ఊరి తరువాత ఊరు, మూడో గడి నిండిపోతూ వచ్చింది.

ఆ ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, మినుము చేలకు కలుపు ముమ్మరంగా ఉంది. రోజూ మధ్యాహ్నానికి మబ్బు పట్టేది. ఆ రోజు పొద్దున్నే విరుదునగర్ పోయే బస్సెక్కాను. అమ్మకు ఫోను చేస్తే, కలుపుకు పోతున్నామనీ, మొత్తం పదకొండు మందిమనీ చెప్పింది. సరే అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ "సరే" ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

ఆఫీసులో మా పై ఆఫీసరు కాగితాలు తిరగేస్తున్నాడు. నిదానమైన మనిషి, గొంతు పెంచడం ఎరగడు. మూడో గడి దగ్గర ఆగి, "ఏమిటమ్మా ఈ వేరే జాగ్రత్త? ఇంతమంది ఏం చేస్తున్నారు?" అని అడిగాడు.

"ఫోన్లు ఆపేస్తారు సార్" అన్నాను, నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటి కబురు పొద్దున పోతుంది. ఈరోజు పిడుగులు పడవచ్చు అని, అంతే. మబ్బు ఊళ్ళ వైపు కదలగానే రెండోది పోతుంది, వెంటనే చేను వదలండి అని. ప్రాణం కాపాడేది ఆ రెండోది. ఫోను ఆపేస్తే అది ఎవరికి చేరుతుందమ్మా?"

గుండె గుభేలుమంది. ఇన్ని నెలలు ఇన్ని గడపలు తిరిగిన నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదేమిటి? అప్పుడే నా ఫోను మోగింది. ఎత్తితే రికార్డు చేసిన ఆడగొంతు, వెంటనే చేను వదలమంటూ, వార్తల తమిళంలో మా వైపు ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతోంది. మా ఊరి పేరు మూడోది.

అమ్మకు చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. ఆఫీసరు ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో కూర్చుని మిగతా పదిమందికీ చేశాను. వాళ్ళ నంబర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి, నేను రాసుకున్న కాగితాల్లోనే. అత్తలూ అక్కలూ, అందరూ మా వీధి వాళ్ళే. ఒక్కటీ మోగలేదు. మామూలు రోజయితే ఎవరో ఒకరు పొలంలో సంతకు వచ్చినట్టు అరిచి మాట్లాడుతుంటారు. పదో ఆమె కూడా ఆపేసిందని తెలిశాక మళ్ళీ మొదటినుంచి చేశాను. ఊళ్ళో ఉన్న మేనమామకు చేస్తే ఆయనా ఆపేశాడు. ఊరంతా కట్టగట్టుకుని నోరు మూసుకుంది.

సాత్తూరులో బస్సు ఆగింది. కిటికీ దగ్గరికి దోసకాయల బుట్ట పట్టుకొచ్చిన ఆమె, నా మొహం చూసి, అమ్మకుండానే పక్క కిటికీకి పోయింది. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. తాగుతాడు, తాగుతాడు, గ్లాసు ఖాళీ కాదు! ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, టీ తోట కొనుక్కున్నావా?" అని అరిచేశాను. బస్సంతా నా వైపు తిరిగింది. ఆ తరువాత కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ ఏమైందని అడిగితే, ఏం చెప్పను? మా అమ్మ ఫోను ఎత్తడం లేదని చెబితే పిచ్చిదనుకుంటుంది. అయినా అదే చెప్పాను.

సాత్తూరు దాటాక దక్షిణం వైపు ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. బస్సు సరిగ్గా దాంట్లోకే పోతోంది. మెరుపు మెరిసినప్పుడల్లా వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని, ఉరుముకు ఎంతసేపు పడుతుందో అని. మొదట చేతివేళ్ళన్నీ అయిపోయేవి. రాను రాను ఒక చేయి చాలింది. మా ఊరి మలుపు దగ్గర దిగేసరికి మూడు వేళ్ళు.

అక్కడినుంచి చేనికి రెండు మైళ్ళు. మలుపులో ఉన్న ఆటో అతను "ఈ వానలో రాను తల్లీ, నాకూ పిల్లలున్నారు" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. నడక మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది. రెండు పక్కలా బయలు, ఒక్క కప్పు లేదు, అంత దూరంలో నిటారుగా ఉన్నది నేనొక్కదాన్నే. మంచమెక్కి కాళ్ళు ముడుచుకునే నేను! పెద్ద మెరుపు వచ్చినప్పుడల్లా గట్టు పక్కన చతికిలబడి, చెవులు మూసుకుని, "అర్జునా, అర్జునా" అనుకునేదాన్ని. లేచి మళ్ళీ పరుగు. నల్లరేగడి కాళ్ళకు ముద్దలు ముద్దలుగా అంటుకుని, ఒక్కో అడుగు మణుగు బరువు తూగింది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ఒక చోట కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అప్పుడు నాకు అమ్మ గుర్తు రాలేదు, నిజం చెబుతున్నాను. నేను చచ్చిపోతాననే తోచింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేను కనబడేసరికి గట్టు మీది తాటిచెట్టు నిలువునా చీలి, అంత వానలోనూ మొవ్వు దగ్గర పొగ చిమ్ముతోంది. చేలో ఒక్క మనిషి లేదు. కలుపు గంపలు బోర్లాపడి ఉన్నాయి. చీర మీద తొడుక్కునే మగవాళ్ళ చొక్కా ఒకటి బురదలో పడి ఉంది. అది అమ్మదే.

"అమ్మా!" అని అరిచాను. ఇంకోసారి అరిచాను.

చేను చివర మోటారు గది తలుపు కొంచెం తెరుచుకుంది. అందులోంచి అమ్మ తల బయటపెట్టి, "ఏమే, నీకేమైనా పిచ్చా? ఈ వానలో ఎట్ల వస్తివి? రా లోపలికి!" అని కసిరింది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. లోపల పదకొండు మందీ ఉన్నారు, గోడలకు అతుక్కుని, తడిసి, వణుకుతూ. అమ్మను పట్టుకుని ఏడ్చేశాను. అమ్మ నా తల తుడుస్తూ, కలుపు సగంలో ఉండగా వాన ఒక్కసారి దిగిందనీ, గది వైపు పరుగెత్తుతుంటే వెనకే తాటిచెట్టు మీద పిడుగు పడిందనీ చెప్పింది. ఎంత దూరమని అడిగితే, తలుపు నుంచి గట్టు దాకా చెయ్యి చాపి చూపింది. దాన్ని దూరమని ఎవరూ అనరు.

మా పక్కింటి అత్త, అందరికన్నా పెద్దది, సద్ది సంచిని తట్టి చూపించింది. "ఫోన్లు ఆపినందుకు చూస్తివా పాపా, మమ్మల్ని ఇడిసి అది తాటిచెట్టు మీదికి పోయె. లేకుంటే మా నెత్తినే కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆపినందుకు కాదత్తా! ఆపినందుకే మీకు ఈ గతి పట్టింది. చేను వదలండి అని కబురు వచ్చింది. నేను విరుదునగర్‌లో విన్నాను. మీ చేతిలో ఫోను పెట్టుకుని మీరు వినలేదు. మీ అందరినీ ఆపేయమని ఎవరు చెప్పినారు?"

అమ్మే అన్నది, కోపం లేకుండా, అన్నం పెడుతూ మాట్లాడే గొంతుతో.

"నువ్వే కదమ్మా."

"నేనా?"

"మొదట ఇద్దరు ముగ్గురమే ఆపతా ఉంటిమి. మిగిలినోళ్ళు ఎవురు పట్టించుకొనిరి? నువ్వు కాగితం తీసుకొని వస్తివి. ఆపినామంటే మంచి పనని తలాడించి రాసుకొంటివి. చదువుకొన్న బిడ్డ, ఆపీసు పని, నువ్వే మంచిదంటే అప్పురం ఇంక ఎవురు ఆపకుండా ఉంటారు? నువ్వు వచ్చి పోయినాక ఊరంతా ఆపతాము. పక్క ఊళ్ళల్లో కూడా అంతే అంట."

నేను గోడకు చేరగిలి అలాగే జారి కూర్చున్నాను. జనం మారారా లేదా అని కదా నన్ను తిప్పింది! మారారు. ఆ వార్తల తమిళం చేయలేని పని నా తల ఊపు చేసింది. ఎన్ని ఊళ్ళల్లో, ఎన్ని అరుగుల మీద ఆ తల ఆడించానో!

"తప్పు చెప్పినాను" అన్నాను. "నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. ఫోను పిడుగును లాగదు. నేనూ భయపడి ఆపుకుంటా ఉంటిని, అందుకే మిమ్మల్ని ఆపవద్దని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, తీయండి. ఇంకో మబ్బు వస్తా ఉంది. అది ఎప్పుడు వస్తుందో తెలుసుకోవద్దా?"

ఒక్కరూ కదల్లేదు. బయట మళ్ళీ ఉరిమింది, గది రేకు తలుపు అదిరింది. అత్త సద్ది సంచిని ఒడిలోకి లాక్కుంది.

అమ్మ నన్నే చూస్తూ అడిగింది. "తీసినాక మామీద పడితే? ఈ పదకొండు మందికీ నీదేనా పూచీ?"

పూచీయా? ఎలా ఇవ్వను? పిడుగు ఎక్కడ పడుతుందో ఆ ఆఫీసులో ఉన్నవాళ్ళకే తెలియదు. ఫోను వల్ల పడదని తెలుసు, పడనే పడదని ఎవరు చెప్పగలరు? కానీ అంత వివరంగా చెబితే ఆ సంచులు విప్పరు.

"నాదే" అన్నాను.

అమ్మ మొదట తీసింది. కవరు విప్పి, మీట నొక్కి పట్టుకుంది. తరువాత ఇద్దరు. తరువాత అందరూ, చివరికి అత్త కూడా, చేతిని ఒంటికి దూరంగా చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని. పదకొండు ఫోన్లు ఆ చీకటి గదిలో వెలిగాయి. నేను బస్సులోంచి చేసిన కాల్స్ తాలూకు మెసేజీలు ఒకదాని తరువాత ఒకటి టింగుమంటూ వచ్చి పడుతున్నాయి. వాళ్ళందరూ ఫోన్లను చూడడం లేదు, నన్ను చూస్తున్నారు. ఇంకో మెరుపు మెరిసింది. నేను వేళ్ళు లెక్కపెట్టలేదు. నా బతుకులో అంత భయం అంతకుముందూ పడలేదు, ఆ తరువాతా పడలేదు.