స్టూడియోలో పెరిగిన బొచ్చె

ఆ రోజుల్లో ఫోటో అంటే సాక్ష్యం. ఎవడైనా ఏదైనా గొప్ప చెప్పుకుంటే "ఫోటో ఉన్నదా?" అని అడిగేవాళ్లు. ఉందంటే ఇంక ఎవరూ నోరెత్తేవాళ్లు కారు. అంత నమ్మకమున్న జనం మధ్య, ఫోటోలు మార్చే కంప్యూటర్ ముందు నాలాంటివాడిని కూర్చోబెట్టిన పాపం మా మేనమామది. ఆయనకు శామీర్‌పేట బస్టాప్ దగ్గర స్టూడియో ఉండేది. ముందు గదిలో ఫోటోలు తీసేవాళ్లం, వెనక గదిలో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ నడిపేవాళ్లం. పదో తరగతి లెక్కల పరీక్ష నా మొహం రెండుసార్లు చూసి, మూడోసారి చూడలేనని చేతులెత్తేసింది. దాంతో ఇరవై ఏళ్లకే నేను ఆ స్టూడియోకి సర్వాధికారినయ్యాను. (సర్వాధికారి అంటే పొద్దున ఊడ్చేది కూడా నేనే.)

స్టూడియో బయట ఒక అద్దాల పెట్టె ఉండేది. మేం తీసిన ఫోటోల్లో బాగా వచ్చినవి పెద్దవి చేసి అందులో పెట్టేవాళ్లం. ఎవరినీ అడిగేవాళ్లం కాదు. తమ ఫోటో అద్దాల పెట్టెలో కనబడితే జనం మురిసిపోయి, చుట్టాలను ఆటోలో తీసుకొచ్చి మరీ చూపించేవాళ్లు. ఆ మధ్యనే ఇంటర్నెట్‌లో ఒక సైటు వచ్చింది. అందరూ తమ ఫోటోలు పెట్టుకుని, ఒకరి పేజీలో ఒకరు నాలుగు మాటలు రాసిపోయేవాళ్లు. దుండిగల్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మా వెనక గదిలో గంటలకు గంటలు అందులోనే ఉండేవాళ్లు. ఇది కూడా ఒక అద్దాల పెట్టే, కాకపోతే కొంచెం పెద్దది అనుకుని నేనూ ఒక పేజీ తెరిచాను. పేజీ మీద నా ఫోటో కింద "డిజిటల్ నిపుణుడు" అని రాసుకున్నాను. నిపుణుడికి అప్పటికి తెలిసినవి రెండే విద్యలు: ఫోటోలో మనిషిని తెల్లగా చేయడం, వస్తువును సాగదీయడం.

సరిగ్గా ఆ సమయంలో గాలం మామ వచ్చాడు. చెరువు మీద బతికే మనిషి. వరసకు మామ కాడు గానీ, నేను ఊళ్లో సగం మందిని మామా అనే పిలిచేవాణ్ణి. చేపల సంఘం కార్డుకు ఫోటో కావాలన్నాడు. చేతిలో సంచీ, సంచీలో ఇంటి కూరకని పొద్దున గాలంతో పట్టిన చిన్న బొచ్చె చేప. బయట కుక్కలున్నాయని దాన్ని లోపలికే తెచ్చాడు.

"మామా, ఆ సేపను గూడ పట్టుకో, ఒక ఫోటో కొడ్త" అన్నాను.

"దీనికేం ఫోటోరా, పిల్లది. సిగ్గువోతది."

"నువ్వు పట్టుకో మామా, మిగిలింది నేను జూస్కుంట."

చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం గిరాకీ లేదు. చేపను కొంచెం సాగదీశాను. బాగానే ఉంది. ఇంకొంచెం సాగదీశాను. ఇంకా బాగుంది. టీ తాగొచ్చి చూస్తే ఇంకా చిన్నగానే కనిపించింది. చివరికి బొచ్చె మామ గడ్డం దగ్గర మొదలై మోకాలి దగ్గర ఆగింది. ఫోటో మూలన కెమెరా వేసే నారింజరంగు తేదీ ఉంటుంది కదా, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది ఉంటేనే నిజంలా ఉంటుందని నా తెలివి. "మా చెరువులో పడ్డ పద్దెనిమిది కిలోల బొచ్చె" అని రాసి పేజీలో పెట్టాను. సాయంత్రానికల్లా కాలేజీ పిల్లలు "సూపర్", "కేక" అని రాశారు. జీవితంలో నాకు మార్కులు పడ్డది ఆ రోజే.

రెండు రోజుల తర్వాత తూంకుంట కొత్త కాలనీ నుంచి బ్యాంకు సారు వచ్చాడు. గోదావరి వైపు మనిషి, చేపంటే ప్రాణం. వాళ్లబ్బాయి ఆ ఫోటో చూపించాడట. "ఇది కలర్‌లో, పెద్ద సైజులో తీసి ఇవ్వవయ్యా" అన్నాడు. ఎందుకని అడిగితే నేను నిపుణుణ్ణి ఎలా అవుతాను? మెరిసే కాగితం మీద తీసి, కవర్లో పెట్టి మరీ ఇచ్చాను. ఆయన ఆ కవరు పట్టుకుని నేరుగా చెరువు కట్ట మీదికి వెళ్లి, సంఘం పెద్దమనిషి తక్కెడ తాతకు చూపించాడు. "ఏవండీ, ఈయనెక్కడుంటారండీ? ఇలాంటిదొకటి మాక్కావాలండీ. ఆదివారం మా బావగారొస్తున్నారు."

ఇక్కడ మా చెరువు కట్టుబాటు చెప్పాలి. వానాకాలం సంఘం చేపపిల్లలను వదులుతుంది. అందరూ కలిసి వలలు దింపే రోజు వరకు ఎవరూ వల వేయకూడదు. ఇంట్లో కూరకని గాలంతో చిన్నది పట్టుకుంటే ఎవరూ ఏమనరు. పెద్దది పడితే మాత్రం తక్కెడ తాత కాంటా దగ్గరికి రావాల్సిందే. (తాతకు ఆ పేరు అందుకే వచ్చింది.) తప్పినవాడికి ఆ ఏడాది చెరువులో కాలు పెట్టే హక్కు పోతుంది. నా ఫోటోలో పద్దెనిమిది కిలోల చేప ఉంది, చేప వెనక గాలం మామ నవ్వుతున్నాడు, మూలన తేదీ ఉంది. వలలు దింపడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి.

మర్నాడు మామ స్టూడియోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, తువ్వాలతో మొహం తుడుచుకుని, "అల్లుడా, నువ్వు జేసిన సేప నన్నే మింగిందిరా" అన్నాడు. "ఈ యేడు సెరువుల దిగనియ్యరట. మీ అత్త పొద్దుగాలసంది పలుకుతలేదు. నాకు దెల్వకుంట ఎవలకు అమ్మినవ్ అని ఒక్కసారి అడిగి మల్ల నోరిప్పలే."

పరుగున వెనక గదిలోకి వెళ్లి పేజీలోంచి ఫోటో తీసేశాను. తీసేస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుందనుకున్నాను. మధ్యాహ్నానికి ఆ సంగతి కూడా కట్ట మీదికి చేరింది. "నిన్న ఉండె, ఇయ్యాల లేదట. తప్పు జెయ్యకపోతె ఎందుకు దాస్తరు?" అన్నారట. పైగా అప్పటికే కాలేజీ పిల్లలు దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఒకడైతే మామ తలకాయ కత్తిరించి తన తలకాయ పెట్టుకున్నాడు. (పని నాకంటే నీటుగా చేశాడు, ఆ బాధ వేరే.)

రెండు రోజులు తప్పించుకు తిరిగి, ఇక తప్పక కట్ట మీది రేకుల షెడ్డుకు వెళ్లి, సంఘం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "సేప సిన్నదే తాతా. నేనే కంప్యూటర్ల పెంచిన" అన్నాను.

తక్కెడ తాత నన్ను ఎగాదిగా చూశాడు. "కంప్యూటర్ల సేప పెరుగుతదా? ఏం మేత ఏస్తవ్ బిడ్డా?"

షెడ్డంతా నవ్వింది. ఇంకో పెద్దమనిషి లేచాడు. "పోయినేడు ఊర్లకు సినిమా షూటింగ్ వస్తాందని సెప్పింది గీడే గదా! కొత్త బట్టలేస్కొని పొద్దుందాక రోడ్డు మీద నిలవడ్డం. గీడు సెప్తె నమ్మాల్నా?" అన్నాడు. నా జోకులన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చి నా మీద సాక్ష్యం చెబుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెబుతుంటే, నా నోట్లోంచి వచ్చిందన్న ఒక్క కారణానికి అది చెల్లకుండా పోయింది. మామ తల వంచుకుని కూర్చున్నాడు. అత్త షెడ్డు స్తంభానికి ఆనుకుని, నా వైపు చూడను కూడా చూడలేదు.

"నమ్మకుంటె మీరే వచ్చి సూడుండ్రి" అన్నాను.

వచ్చారు. ఏడుగురు పెద్దమనుషులు, మామ, అత్త. కంప్యూటర్ గదికి చెప్పులు బయట విడవాలని మేనమామ రూలు. గుడికి వచ్చినట్టు విడిచి, వరసగా నిలబడ్డారు. అసలు ఫోటో తీసి చూపిద్దామని వెతికితే అది లేదు. పాతదాని మీదే సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే "ఎస్" అనడమే నాకు తెలుసు. చిన్న చేప మీదే పెద్ద చేపను సేవ్ చేసేశాను. కెమెరాలో ఉన్నదాన్ని ఎవరిదో పెళ్లికి చోటు చాలక చెరిపేశాను. వేరే దారి లేక తక్కెడ తాత కార్డు ఫోటో తెరిచి, ఆయన కళ్ల ముందే మీసాలు చెవులదాకా పెంచాను. అందరూ "అబ్బో" అన్నారు. తాత తన మీసం చూసుకుని కాసేపు ఆనందించాడు కూడా. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సరే, గిది నా ముందట పెంచినవ్. మరి గా సేపను గూడ పెంచినవని ఎట్ల దెల్వాలె?"

డిజిటల్ నిపుణుడు గోళ్లు గిల్లుకుంటున్నాడు.

అప్పటిదాకా మూలన నిలబడ్డ అత్త ముందుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా మేడ్చల్ అంగట్లో చేపలు కోసి అమ్మే మనిషి. "గా సేప తలకాయ దగ్గరికి తే పిల్లగా" అంది. తెచ్చాను. "ఇంకింత తే." చేప కన్ను తెర నిండా వచ్చింది. అత్త వేలు పెట్టి చూపించింది. "తాతా, మంచిగ సూడు. సేప పెరిగితె ఒళ్లు పెరుగుతది గని కన్ను గంత పెరగదు. పద్దెనిమిది కిలోల బొచ్చెకు కన్ను గింతనే ఉండాలె. గీ మొకానికి గీ కన్నేంది? గిది పావుకిలో పిల్ల కన్ను. సాగదీసిండు ముండాకొడుకు."

తాత కళ్లజోడు సవరించుకుని తెరకు ముక్కు ఆనించి చూశాడు. మిగతా ఆరుగురూ వంగారు. "అవ్ గదరా" అన్నాడు తాత చివరికి. "పిల్లదే. పొలుసు గూడ సూడుండ్రి, రొట్టె ఒత్తినట్టు ఒత్తిండు." సంతకం పెట్టడం కూడా రాని ఆ మనుషులు నా ఫోటోను ముల్లు ముల్లుగా విడదీస్తుంటే, రోజుకు పన్నెండు గంటలు ఆ తెర ముందు కూర్చునే నేను పక్కన నిలబడి నేర్చుకున్నాను. చూస్తే మామ బొటనవేలు కూడా దోసకాయంత ఉంది. అన్ని రోజులు నా కళ్లకు అది కనబడలేదు.

మామ చెరువు మామకు దక్కింది. అత్త బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, మూడు రోజుల తర్వాత మొదటిసారి మామతో మాట్లాడింది: "నడువ్. ఇంటికాడ కూర సల్లారిపోతాంది." మామ ఆ మాటకు మురిసిపోతూ ఆమె వెనకే నడిచాడు. బ్యాంకు సారుకు నేనే స్వయంగా కాలనీకి వెళ్లి చెప్పాను. "అయితే ఆ చేప లేదాండీ?" అని పాపం చాలా బాధపడ్డాడు. "ఫోటోలో మాత్రం బావుందండీ" అన్నాడు. నా పేజీలో "ఆ చేప అబద్ధం, తప్పు నాది, మామది కాదు" అని రాసి పెట్టాను. అబద్ధానికి నలభై మంది కేకలు పెట్టారు. నిజం కింద ఒక్కడు రాశాడు, అది కూడా "చేప ఫోటో మళ్లీ పెట్టు అన్నా" అని.

వలలు దింపే రోజు మామ నన్ను కట్ట మీదికి పిలిచాడు. నడుంలోతు నీళ్లలో నిలబడి, ఒక మామూలు బొచ్చెను రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు. "కొట్టు అల్లుడా. గని ఏం జెయ్యకు." ఏం చేయలేదు. సగం ఎండ, సగం నీడ, మామ ఒక కన్ను మూసుకుపోయింది. అడిగాను, "మామా, గిది ఇంటర్నెట్ల పెట్టాల్నా?" అని. "మీ అత్తకు సూపెట్టు, ఆమె ఇష్టం" అన్నాడు. అత్త వద్దంది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల గోడకే ఉంది.

ఇప్పుడు మా పిల్లలకు నేనే పాఠాలు చెబుతుంటాను: ఎవరి ఫోటో అయినా అడిగి పెట్టండి, మార్చింది ముందు మీరు గుర్తుపట్టండి అని. వాళ్లు బుద్ధిగా విని, నా ఫోన్లో నా పేజీ తెరిచి చూపిస్తారు. అందులో నలభై దాటిన నేను తెల్లగా, నిండుగా జుట్టుతో, ఇరవై ఎనిమిదేళ్లవాడిలా నవ్వుతున్నాను. ఆ ఫోటో మార్చాలి. మంచి ఎండ చూసి ఒకటి తీయించుకోవాలి, ఏం చేయకుండా. ఈ వారమంతా ఎందుకో మబ్బుగానే ఉంటోంది.