ఇంజను మూత తెరిచిందెవరు

పెయో ఉరూతియా అమెరికాలోని ఐడహోలో ముప్పై నాలుగేళ్లు రైతుల నీటి పంపులు బాగుచేశాడు. ఆ పనిలో అతనికి రెండు అలవడ్డాయి. ఎలాంటి యంత్రాన్నయినా విప్పి బిగించే నేర్పు ఒకటి, ఎవరి మాటా నమ్మని గుణం ఇంకొకటి. "నిన్నటిదాకా బాగానే తిరిగింది" అని ఏ రైతన్నా అంటే, పంపు సంగతి తర్వాత, ముందు ఆ రైతు ముఖంకేసి చూసేవాడు. ఇంట్లో భార్య మిరెన్ పులుసులో ఉప్పు సరిపోయిందని చెప్పినా, తను రుచి చూస్తే గానీ ఒప్పుకునేవాడు కాదు.

అలాంటి మనిషి పని మానేశాక విమానం కట్టడానికి పూనుకున్నాడు. ఊరి చివర చిన్న రన్‌వే పక్కనున్న షెడ్డులో, ఏడేళ్లు కష్టపడి, రెండు సీట్ల విమానం తయారుచేశాడు. చుట్టూ కొండలు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఆ గాలినే గట్టిగా పీల్చి, కుదించి ఇంజనులోకి తోసే టర్బో బిగించాడు. "కొండ దాటించి మీ చెల్లెలి ఊళ్లో గంటన్నరలో దించుతా, చూడు" అని మిరెన్‌కి మాటిచ్చాడు.

షెడ్డుకి రెండు తాళంచెవులు. ఒకటి పెయో దగ్గర, రెండోది పక్క షెడ్డు సాబిన్ ఎచెవెరీ దగ్గర. సాబిన్ ఒకప్పుడు ఆ కొండల్లోనే గొర్రెల మందలు తోలినవాడు. ఆదివారం ఆదివారం, స్పెయిన్ కొండల నుంచి వలసొచ్చిన తమ బాస్కు వాళ్ల హాల్లో ఆడే ముస్ పేకాటలో ఇద్దరూ ఒక జట్టు. ఒకడు కనుబొమ ఎగరేస్తే రెండోవాడికి అతని చేతిలో ముక్కలు తెలిసిపోయేవి. ఇరవై రెండేళ్లుగా అంతే. విమానం పూర్తి కావస్తున్న ఆ చలికాలంలో సాబిన్ విమానంలో సగం వాటా అడిగాడు. పెయో కుదరదన్నాడు. "సరేలే" అని సాబిన్ ముక్కలు కలపసాగాడు. ఆ "సరేలే" అన్న తీరు మాత్రం పెయో మనసులో ముల్లులా ఉండిపోయింది.

మే నెలలో మొదటిసారి విమానంలో కొండ మీదికి ఎక్కాడు. తొమ్మిది వేల అడుగులు దాటగానే ఇంజనుకి అందే గాలి ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారింది. ఇంజను గొంతు పూడుకుపోయింది. వెనక నల్లటి పొగ. పెయో విమానం ముక్కు దించి లోయలోకి తిరిగాడు. కిందికి వచ్చేసరికి ఇంజను ఏమీ ఎరగనట్టు హాయిగా తిరుగుతోంది. నేల మీద ఎంతసేపు నడిపినా తప్పు దొరకలేదు. రెండోసారి ఎక్కితే మళ్ళీ అదే. మూడోసారీ అదే.

మీటరు అబద్ధమాడుతోందేమోనని పక్కన ఇంకొకటి పెట్టాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. వాక్యూం క్లీనరుని పీల్చే బదులు ఊదేలా తిప్పి గొట్టాల్లోకి గాలి ఊది, అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ రాలేదు. టర్బోని అదుపుచేసే కవాటం విప్పి తుడిచాడు. పొగ గొట్టాల్లో పగుళ్లు వెతికాడు. అంతా సవ్యంగానే ఉంది. యంత్రంలో తప్పు లేకపోతే మనిషిలో ఉండాలి, అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సాబిన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏరా, నీ గుర్రం ఇంకా దగ్గుతోందా?"

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? దాని పొట్ట కింద మసి చూడు, పొయ్యి గొట్టంలా ఉంది."

నవ్వుతూ అన్న మాటే. కానీ పెయోకి ఆ నవ్వు నచ్చలేదు. సాబిన్ వెళ్ళాక పెయో ఇంటి నుంచి మిరెన్ గోళ్ల రంగు సీసా తెచ్చి, ఎవరైనా విప్పితే తెలిసేలా ఇంజను మూత స్క్రూల మీద ఒక్కో చుక్క పెట్టాడు. మూడో రోజు చూస్తే నాలుగు చుక్కలు పగిలి ఉన్నాయి.

ఆదివారం హాల్లో ముక్కలు పంచుతుండగా అడిగేశాడు. "నా ఇంజను మూత ఎందుకు తెరిచావు?"

సాబిన్ చేతిలో ముక్కలు బోర్లించాడు. "ఏమన్నావు?"

"విన్నావుగా. వాటా ఇవ్వలేదని మనసులో కక్ష పెట్టుకున్నావు."

నాలుగు బల్లల మీద ఆట ఆగిపోయింది. సాబిన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

పెయో మళ్ళీ చుక్కలు పెట్టాడు. గురువారానికి మళ్ళీ పగిలాయి. రెండు తాళంచెవులూ ఇప్పుడు తన వంటింటి మేకుకే వేలాడుతున్నాయి. నేరుగా ఇంటికి వచ్చాడు. మిరెన్ ఉల్లిపాయలు తరుగుతోంది.

"షెడ్డు తాళంచెవి తీశావా?"

"తీశాను. రెండుసార్లు."

"ఎందుకు?"

"నువ్వు అబద్ధం చెప్తున్నావు గనక." ఆమె కత్తి పక్కన పెట్టింది. "మూడుసార్లు ఎగిరొచ్చావు. మూడుసార్లూ చొక్కా పిండితే చెమట కారింది. అడిగితే 'బ్రహ్మాండంగా ఎగిరింది' అన్నావు. రేపు అందులో కూర్చోవాల్సింది నేను. ఏం దాస్తున్నావో చూద్దామని తెరిచాను."

"చూస్తే నీకేం తెలుస్తుంది?"

"ఏమీ తెలీదు. అన్నీ నొక్కి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆ నల్ల రబ్బరు గొట్టం ఒక్కటీ గొర్రె పొదుగులా మెత్తగా ఉంది. అది అలాగే ఉండాలా?"

పెయో షెడ్డుకి నడిచాడు. అది గాలి వడపోత నుంచి టర్బోకి వెళ్ళే గొట్టం. ఇదివరకు తను దానిలోకి గాలి ఊది చూసినప్పుడు ఉబ్బి నిలబడింది. కానీ అక్కడ టర్బో ఊదదు, పీలుస్తుంది. జుట్టు ఆరబెట్టే మిషనుతో గొట్టాన్ని వేడిచేసి, ఒక కొన అరచేత్తో మూసి, రెండో కొన నుంచి వాక్యూం క్లీనరుతో పీల్పించాడు. గొట్టం ఖాళీ సంచిలా చప్పున అతుక్కుపోయింది. ఎత్తులో, వేడిలో, టర్బో గట్టిగా పీల్చినప్పుడల్లా ఇదే జరిగింది. గాలి అందక పెట్రోలు సగం కాలి పొగయింది. పంపుకి నీళ్లు పీల్చే వైపు, అతుక్కుపోకుండా ఆపే తీగచుట్ట లోపల లేని గొట్టం పెట్టినందుకు ఎంతమంది రైతుల్ని నోటికొచ్చినట్టు తిట్టాడో! ఈ గొట్టం ఏరి తెచ్చి బిగించింది తనే.

తీగచుట్ట ఉన్న గొట్టం వేసి ఒంటరిగా పదకొండు వేల అడుగులు ఎక్కాడు. ముల్లు కదల్లేదు. దిగి, సాబిన్ ఇంటికి వెళ్ళాడు. సాబిన్ పెరట్లో గొర్రెల దొడ్డి కంచెకి తీగ బిగిస్తున్నాడు.

"తప్పు గొట్టానిదే. నీది కాదు."

"నాది కాదని నాకు ముందే తెలుసు."

"తొందరపడ్డాను రా. మనసులో పెట్టుకోకు."

"హాల్లో అందరి ముందూ దొంగని చేశావు. ఇక్కడ, గొర్రెల ముందు చెప్తే ఎలా?"

ఆ ఆదివారం పెయో హాల్లో లేచి నిలబడి, చెప్పాల్సింది చెప్పాడు. సాబిన్ విని తలూపాడు, కానీ ఆట మాత్రం కొత్త జతగాడితోనే ఆడాడు. ఆ వేసవంతా అలాగే సాగింది.

జులైలో మిరెన్ విమానమెక్కింది. కొండ దాటేటప్పుడు కింద మంచు మిలమిలలాడుతున్నా ఆమె చూడలేదు. ముల్లునే చూస్తోంది.

"బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నిజం చెప్పు."

"ఇంజను బాగుంది. నాకే కొంచెం భయంగా ఉంది."

మిరెన్ అతని ముఖంకేసి కాసేపు పరీక్షగా చూసి, అప్పుడు కిటికీ వైపు తిరిగింది.