మా తమ్ముడు పుట్టని గుడిసె

మా తమ్ముడు పుట్టింది నెల్లూరు టౌన్లో, మిషన్ ఆసుపత్రిలో, ఇనుప మంచం మీద. పైన కరెంటు ఫ్యాను తిరుగుతూ ఉండింది. మా నాయన అక్కడే కాంపౌండరు కాబట్టి అమ్మకు విడిగా గది ఇచ్చారు. తెల్లటోపీ నర్సమ్మ వాణ్ణి తువ్వాలులో చుట్టి తెచ్చి చూపించినప్పుడు నాకు ఏడేళ్ళు. పిల్లోడు ఎంత బొద్దుగా ఉన్నాడంటే, జారవిడుస్తానేమోనని నన్ను ఎత్తుకోనివ్వలేదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పోయినేడు అచ్చయిన వాడి జీవిత చరిత్రలో ఇదే పిల్లోడు తోటపల్లి గూడూరు పక్కన, సముద్రపు గాలికి ఊగే తాటాకు గుడిసెలో, తుఫాను వానలో, ఆముదపు దీపం వెలుతురులో పుట్టాడు. ఆ గుడిసె నాది. నాకు పెళ్ళయిన ఏడాది నా పెనిమిటి నడిమధ్యన నిట్రాడు పాతి, సరుగుడు వాసాలు ఎక్కించి, తాటాకు కప్పిన ఇల్లు అది. అప్పటికి మా తమ్ముడు ఎనిమిదో తరగతి రెండోసారి తప్పి ఉన్నాడు. ఇంటి ప్రార్థనకు పిలిస్తే వచ్చి, ఫ్యాను లేదని పాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

మరి నా గుడిసెలోనే ఎందుకు పుట్టించారంటే, మా బంధువర్గం మొత్తంలో మిగిలిన తాటాకు ఇల్లు అదొక్కటే. రొయ్యల గుంటలు వచ్చాక అందరూ శ్లాబులు వేసుకున్నారు. మా తమ్ముడైతే రొయ్యల మేత ఏజెన్సీ పెట్టి రెండంతస్తులు లేపాడు. గుడిసెలో పుట్టాలని ముచ్చటపడితే పాపం వాడికి వేరే చోటు లేదు.

దీనికంతటికీ మూలం ఒక అమెరికా ఆయన. నేను చదువుకున్న మిషన్ బడి గోడకు ఆయన పటం వేలాడుతూ ఉండేది. చెంపల నిండా గడ్డం, మూతి మీద మీసం లేదు. మంగలి సగం పని చేసి అన్నానికి పోయినట్టు ఉండేవాడు. మా పంతులమ్మ ఏటా ఒకసారి ఆయన బతుకు మొత్తం చెప్పేది. ఎప్పుడో నూట యాభై, రెండు వందల ఏళ్ళ నాటి మనిషి. చెట్టు దుంగలు పేర్చి కట్టిన గుడిసెలో పుట్టాడు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. వచ్చిన సవతి తల్లి మంచిది, చదువుకోమంది. కానీ బడికి పోయింది అంతా కలిపి ఏడాది లేదు. పొయ్యి మంట వెలుతురులో చదివాడు. అరువు తెచ్చిన పుస్తకం వానకు తడిస్తే ఆ ఆసామి పొలంలో మూడు రోజులు పనిచేసి బాకీ తీర్చుకున్నాడు. ఉన్న ఒక్క అక్కా కాన్పులో పోయింది. గొడ్డలితో దుంగలు చీల్చి కంచెలు కట్టాడు. బల్లకట్టు పడవ మీద సరుకు వేసుకుని నది వెంట దిగువకు పోయాడు. అంగడిలో గుమాస్తాగా నిలబడ్డాడు. పోస్టుమాస్టరు చేస్తే ఉత్తరాలు టోపీలో పెట్టుకుని తిరిగి పంచాడు. గొలుసు పట్టి భూములు కొలిచాడు. తనంతట తానే చదివి ప్లీడరయ్యాడు. ఓట్లకు నిలబడి ఓడాడు, మళ్ళీ నిలబడ్డాడు, చివరికి దేశానికి పెద్ద అయ్యాడు.

ఐదో తరగతి అవగానే నన్ను బడి మాన్పించి తమ్ముణ్ణి చూసుకోమన్నారు. వాడికి ముద్ద దిగాలంటే కథ కావాలి. నాకు మొదటినుంచీ చివరిదాకా తప్పు పోకుండా వచ్చిన కథ ఇదొక్కటే. ఆయన అక్క చచ్చిపోయే చోటు వచ్చేసరికి వాడు నోరంతా తెరిచి ఏడ్చేవాడు. నోరు తెరిచాడు కదా అని అక్కడ నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టేదాన్ని.

అట్లా పెట్టిన ముద్దలు నలభై ఏళ్ళ తర్వాత బయటికి వచ్చాయి.

పోయినేడు వాడికి జెడ్పీటీసీ టికెట్టు మీద మనసు పుట్టింది. అంతకుముందు వార్డు మెంబరుగా ఓడాడు, సొసైటీకి ఓడాడు, సర్పంచిగా రెండుసార్లు ఓడాడు. అమెరికా ఆయనతో వాడికి నిజంగా కలిసింది ఇదొక్కటే. పార్టీ పెద్దకు కష్టపడి పైకి వచ్చిన వాళ్ళంటే ఇష్టమని ఎవరో చెబితే, ఒక విలేకరిని కూర్చోబెట్టుకుని జీవిత చరిత్ర రాయించాడు. నాకొక కాపీ పంపించాడు. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ రెండు రోజులు చదివాను.

ఎన్ని చోట్ల నవ్వానో లెక్కలేదు. మా తమ్ముడు గొడ్డలితో సరుగుడు దుంగలు చీల్చి ఊరికంతా కంచెలు కట్టాడట. మా వైపు సరుగుడు చీల్చి కంచె కట్టేవాడు ఎవడున్నాడు? సరుగుడు వాసాలకూ పొయ్యిలోకీ పోతుంది, దడి కట్టాలంటే తాటిమట్టలు ఉండనే ఉన్నాయి. పడవ కాలవ మీద సరుకు వేసుకుని చెన్నపట్నం దాకా గెడ వేశాడట. వాడు రేవు దాటేటప్పుడు కూడా కళ్ళు మూసుకుని నా కొంగు పట్టుకునేవాడు. ఊరి ఉత్తరాలన్నీ తలపాగాలో పెట్టుకుని పంచాడట. తలపాగా చుట్టే వంశం కాదు మాది. తడిసిన పుస్తకం ఒకటి మాత్రం నిజంగానే ఉంది. పక్కింటి మేష్టారి దగ్గర తెచ్చిన పుస్తకం చించి వీడు వానకాలవలో కాగితం పడవలు వదిలాడు. మూడు రోజులు వాళ్ళింట్లో బియ్యం చెరిగి వచ్చింది నేను.

ఒక్క పేజీ దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ చచ్చిపోయింది. దాని కిందనే, తోడబుట్టిన ఒక్క అక్క కూడా కాన్పులో కన్నుమూసింది.

మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు కాలేదు. ఎనభై దాటాక కూడా ఆదివారం గుడి నుంచి వచ్చి కొడుక్కి చేపల పులుసు చేసిపెట్టిన మనిషి. పుస్తకం పట్టుకుని వాడింటికి వెళ్ళాను. ఏందిరా ఇది అంటే, ఏ మాత్రం తొణక్కుండా సోఫాలో కూర్చోమన్నాడు.

"కష్టం లేకుండా టికెట్టు ఎవురిస్తారక్కా. చిన్నప్పుడు ఏం పడినారు సార్ అని ఆ విలేకరి అడిగినాడు. నాకేం గుర్తుండాది? నువ్వు అన్నం పెడతా చెప్పిందే నేనూ చెప్పినా."

"అమ్మని చంపినావు సరే, నన్నెందుకు చంపినావురా?"

"పేరు రాయలేదు గదా. అక్క అని మాత్రమే రాసినారు."

అంతటితో పోయేదాన్నే. చచ్చిపోయిన దాన్ని ఇంకేం మాట్లాడతాను. కానీ నా ఇల్లు మధ్యలో ఇరుక్కుంది.

ఆ వేసవిలోనే నాకు పక్కా ఇల్లు మంజూరైంది. వితంతువునని, పాత గుడిసె అని, సచివాలయంలో ఇంజనీరమ్మాయి మూడుసార్లు తిరిగి రాయించి పెట్టింది. గుడిసె తీసేసి అదే స్థలంలో కట్టుకోవాలి. అక్టోబరు నెలాఖరులోపల పునాది గుంట తవ్వి ఫోటో ఎక్కించకపోతే పేరు జాబితాలోంచి పోతుంది, మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఎట్లాగూ తీసేసే ఇల్లు కదా అని నేను ఆ ఏడు తాటాకు మార్చలేదు. మా తీరంలో వానలు మొదలయ్యే ముందు ఇల్లు కప్పించుకోకపోతే ఇక ఆ ఇంట్లో ఉండటమూ బయట ఉండటమూ ఒకటే. కప్పు చూస్తే జల్లెడ. కొత్త ఇల్లు కాగితం మీద ఉంది. రెంటికీ మధ్య నేనున్నాను.

అప్పుడు మా తమ్ముడు వచ్చి, గుడిసె తీయడం ఒక్క నెల ఆపమన్నాడు. పార్టీ పెద్ద వస్తాడట, వీడు పుట్టిన చోటు కళ్ళారా చూస్తాడట. సరే అన్నాను. తమ్ముడు కదా. వాన పడితే ఎట్లారా అంటే నీలం టార్పాలిన్ పట్ట తెచ్చి కప్పించాడు. రెండు రోజులకే విలేకరి వచ్చి, ఫోటోలో పట్ట కనిపిస్తే పేదరికం నిండుగా ఉండదన్నాడు. పట్ట తీసేశారు. గోడలకు కొట్టుకున్న సున్నం గీకించి పేడ పూయించారు. మూలన ఉన్న నా గ్రైండరు తీసుకుపోయి ముక్కాలిపీట పెట్టారు. నా ఇంట్లో నేను ఎప్పుడూ లేనంత పేదదాన్ని అయ్యాను.

పార్టీ పెద్ద పదో తేదీ వస్తానన్నాడు, రాలేదు. ఇరవై అన్నాడు, రాలేదు. ఈలోగా రెండు వానలు పడ్డాయి. ఒకరోజంతా బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిట్రాడుకు ఆనుకుని కూర్చున్నాను. ఇంజనీరమ్మాయి దినమూ ఫోన్ చేస్తోంది. చివరికి ముప్ఫై ఒకటో తేదీ పొద్దున పదిన్నరకు ఖాయం అని కబురొచ్చింది. ఆ సాయంత్రం ఐదుతో నా గడువు సరి.

ముప్ఫయ్యో తేదీ మా తమ్ముడు వచ్చి, రేపు ఎట్లా నడుచుకోవాలో నాకు చెప్పాడు. పెద్ద వచ్చినప్పుడు నేను పక్కింటామెలాగా వాకిట్లో నిలబడాలట. అక్క పోయిందని పుస్తకంలో ఉంది కాబట్టి అక్క అనకూడదట. గుంట సంగతి అడిగితే, ఈ గుడిసెను ఇట్లాగే ఉంచి చుట్టూ కమ్మీలు వేయిస్తానన్నాడు. జనం వచ్చి చూసిపోతారట.

"మరి నేనెక్కడ ఉండాలిరా?"

"అదేందక్కా, నీకేం తక్కువ. చూద్దాం."

చిన్నప్పటినుంచీ వాడు చూద్దాం అన్న పని ఒక్కటీ చూసింది లేదు. వాడు వెళ్ళగానే ఇద్దరు కూలీలకు కబురు పెట్టాను. తెల్లవారి ఆరింటికి తాటాకు విప్పడం మొదలుపెట్టారు. ఎనిమిదికి వాసాలు దిగాయి. నా పెనిమిటి పాతిన నిట్రాడు పెకలించేటప్పుడు మాత్రం నేను అటు తిరిగి నిలబడ్డాను. పదింటికి గుంట మోకాలు లోతు వచ్చింది. ఇంజనీరమ్మాయి స్కూటీ దిగి టేపు పెట్టి కొలుస్తోంది.

అప్పుడు వచ్చాడు మా తమ్ముడు, తెల్లచొక్కాతో, పూలదండల బుట్టతో. గుడిసె ఉండాల్సిన చోట ఆకాశం కనిపించేసరికి బుట్ట కింద పెట్టేశాడు.

"నన్ను నాశనం చేసినావు గదక్కా."

"నేను చచ్చిపోయి శానా రోజులైంది లేరా. చచ్చినోళ్ళు ఎవురిని ఏం చేస్తారు."

అంతలో కార్లు వచ్చేశాయి. పార్టీ పెద్ద దిగాడు. మంచి ఎత్తరి, అలిసిపోయిన ముఖం. గుంట చూశాడు, ఆకుల కుప్ప చూశాడు, గుడిసె ఎక్కడా అన్నట్టు మా తమ్ముడి వైపు చూశాడు. మా తమ్ముణ్ణి ఇక్కడ మెచ్చుకోవాలి. కూలీ చేతిలోని గడ్డపార లాక్కుని గుంటలోకి దూకాడు. తాను పుట్టిన గుడిసెను తన చేత్తోనే తీసి ఒక పేదరాలికి ఇల్లు కట్టిస్తున్నానని, పునాది మీ చేతుల మీదుగానే పడాలని ఇన్నాళ్ళూ ఆగానని చెప్పాడు. చెబుతూ చెబుతూ వాడికే కళ్ళు చెమ్మగిల్లాయి. వెనకాల వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పెద్ద నా వైపు తిరిగి, ఎవరమ్మా మీరు, ఈయనకు ఏమవుతారు అని మర్యాదగా అడిగాడు. మా తమ్ముడు గుంటలోంచి నాకేసి చూసిన చూపు, నేను కథ మధ్యలో ఆపినప్పుడు చూసే చూపే.

"వాడి అక్కను సార్. పుస్తకంలో కాన్పులో పోయింది నేనే."

 ఏ పుస్తకం అన్నాడు పెద్ద. పక్కనున్నవాడు చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు ఆయన, నిజం చెప్పాలంటే ఇంచుమించు ప్రేమగానే నవ్వాడు.

"అవన్నీ ఎవరు చదువుతారమ్మా. నా టేబుల్ మీద నలభై ఉండాయి. అందరూ గుడిసెలోనే పుట్టినారు."

ఆ తర్వాత ఆయనా మా తమ్ముడూ గుంటలో నిలబడి రాయి పట్టుకుని ఫోటోకు సిద్ధమయ్యారు. ఇంజనీరమ్మాయి ఫోన్ దించేసింది. చిన్న పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు, అయినా సూటిగానే చెప్పింది.

"సార్, ఇంటామె ఒక్కరే ఉండాల ఫోటోలో. ఇంకెవురున్నా యాప్ తీసుకోదు. మీరు కాస్త పక్కకి రండి."

ఇద్దరూ పక్కకు వచ్చారు. నేను చెప్పులు విప్పి గుంటలోకి దిగాను. మొదటిసారి మా తమ్ముడి మోచెయ్యి పడి ఫోటో వెనక్కి వచ్చింది. రెండోసారికి వాణ్ణి ఆమె ఇంకో నాలుగడుగులు జరిపింది. అప్పుడు ఎక్కింది.

ఇల్లు లేచేదాకా నేను వాడి రెండంతస్తుల ఇంట్లోనే ఉన్నాను. మా మరదలు మంచిది, ఫ్యాను కింద మంచం వేసింది. వాడు నాలుగు రోజులు మూతి ముడుచుకుని ఐదో రోజు పక్కన కూర్చుని తిన్నాడు. టికెట్టు వాడికే వచ్చింది. గుడిసెలో పుట్టినందుకు కాదు, మా దగ్గర టికెట్టు అడిగిన నలుగురిలో ఖర్చు పెట్టుకోగలిగింది వాడొక్కడే అని మా మరదలు చెప్పింది. ప్రచారానికి నన్ను జీపు మీద పక్కన నిలబెట్టుకుని, ఇదుగో నేను ఇల్లు కట్టించిన మా అక్క అని చెబుతానన్నాడు. గోడలు లింటెల్ దాకా వచ్చాయి, పూటపూటా నీళ్ళు పట్టాలి, కుదరదని చెప్పాను.