ఎడమచేతి నొక్కు

పక్షవాతం ఒంట్లోంచి వెళ్లిపోయింది గానీ, వెళ్తూ వెళ్తూ వడ్రంగి మేస్త్రి కుడి అరచేతిని తన వెంట తీసుకుపోయింది. ఎడమచెయ్యి మాత్రం గుండ్రాయిలా ఉంది. నేర్పితే నేర్చుకునేదే. చిక్కల్లా పనిముట్లతో వచ్చింది. ఏళ్ల తరబడి ఒక్క కుడిచేతితోనే కాపురం చేసిన ఉలి పిడులూ, పలకలు నునుపు చేసే చిత్రిక చెక్కలూ ఆ చేతి ఒంపులకే అరిగిపోయి ఉన్నాయి. ఎడమచెయ్యి వేస్తే పరాయివాడు ముట్టుకున్నట్టు ముడుచుకునేవి. కొత్తవి కొని చూశాడు. వాటికి ఎవరి చెయ్యీ తెలియదు. నున్నగా జారిపోయేవి.

అందుకే ప్రతి ఆదివారం పాత సామాన్ల సంతలో తిరిగేవాడు. ఎక్కడో ఒక ఎడమచేతివాటం వడ్రంగి పుట్టే ఉంటాడు, పనిచేసే ఉంటాడు, అతని పనిముట్లు ఏదో ఒక చోటికి చేరే ఉంటాయి. ఇదీ ఆయన నమ్మకం. ఇంటి వెనక కార్ఖానా గదికి ఏడాదిగా తాళం వేలాడుతోంది. ఈ నమ్మకం తప్పితే ఆ తాళం ఇక తియ్యక్కర్లేదు.

కిందటి వారం దొరికింది. సంత చివర పాత సైనిక సామాన్లు అమ్మేవాణ్ని అందరూ మిలిటరీ అంటారు. నిజానికి జన్మలో కర్ర కూడా తిప్పినవాడు కాదు. బూట్లు, రేకు నీళ్ల సీసాలు, గుడారపు గుడ్డల మధ్య ఒక ఆకుపచ్చ పెట్టె. తెరిచి ఎడమచేత్తో ఒక ఉలి అందుకున్నాడు మేస్త్రి. చీకట్లో సొంతింటి గడప కాలికి తెలిసినట్టు, బొటనవేలు తనంతట తానే పిడి మీది నొక్కులోకి వెళ్లి కూర్చుంది.

కొనలేదు. "ఆలోచించి చెప్తా" అని వచ్చేశాడు.

సంగతి విని భార్య నెత్తి కొట్టుకుంది. "చేతికొచ్చిన ముద్ద నోట్లో పెట్టుకోడానికి ఆలోచనేంటండీ?"

"అవి కూడా మాట వినకపోతే?" అన్నాడాయన గోడవైపు చూస్తూ. "ఇక వెతకడానికి కూడా ఏమీ మిగలదే."

ఈ ఆదివారం ఆవిడే ముందు చెప్పులేసుకుని వీధిలో నిలబడింది.

మిలిటరీ దూరం నుంచే కేకేశాడు. "రండి మేస్త్రిగారూ! మీరొస్తారని నాకు తెలుసు. వారమంతా కూర్చుని మెరిపించి పెట్టా!"

పెట్టె తెరిచాడు. శాండ్ పేపరుతో రుద్ది రుద్ది, పాలిష్ పట్టించిన పిడులు తళతళలాడుతున్నాయి. ఒక్క నొక్కు లేదు. ఒక మనిషి జీవితమంతా చేత్తో రాసుకున్నది పొడి పొడిగా రాలిపోయింది.

మేస్త్రి ఒక్కో పిడీ పట్టుకుని చూశాడు. తిడదామంటే అవతలివాడి ముఖం అంతగా వెలిగిపోతోంది. "బాగా చేశావయ్యా" అని, ఆ పెట్టె మూసి దాని మీదే కూలబడ్డాడు.

భార్య ఊరుకునే రకం కాదు. "దీంట్లోవి ఇంకేం లేవా అన్నయ్యా?"

"ఒకటుందమ్మా. దానికింకా తోమే యోగం పట్టలేదు" అని బల్ల కిందకి చూపించాడు. పొట్టి కాలి కింద ఎత్తుకి పెట్టిన చిత్రిక.

"తియ్యి."

"తీస్తే బల్ల..."

ఆవిడే లాగేసింది. బల్ల ఒరిగింది. నీళ్ల సీసాలు సెలవులు దొరికిన సిపాయిల్లా దొర్లుకుంటూ పోయాయి.

"అమ్మో, ఈవిడ అసలైన మిలిటరీ!" అంటూ వాటి వెనక పరుగెత్తాడతను.

మట్టి కొట్టుకుపోయిన ఆ చెక్కను మేస్త్రి ఎడమ అరచేతిలోకి తీసుకున్నాడు. కుడి పక్కన బొటనవేలికి చిన్న గుంట. ఎడమ పక్కన నాలుగు వేళ్లకీ నాలుగు నీడలు. ఎవరో ఒకాయన లేచి వెళ్తూ, వెచ్చగా వదిలేసిన చోటు.

భార్య ఆ సామాన్లలోంచి ఒక సానరాయి తీసి అదిమి పట్టుకుంది. ఆయన బ్లేడు నూరి, బిగించి, బల్ల అంచు మీద పెట్టి తోశాడు. గీరుకుంది. మళ్లీ తోశాడు. తడబడి ఆగింది. ఇంకోసారి. ఈసారి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. చెక్కలోంచి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. అందులోంచి ఎండ కనిపిస్తోంది.

భార్య దాన్ని అరచేతిలో పట్టుకుంది.

"నా బల్ల చెక్కేస్తున్నారేంటండీ?" సీసాలు ఒళ్లో వేసుకుని వచ్చిన మిలిటరీ లబోదిబోమన్నాడు.

"దాని కాలు ఎలాగూ పొట్టిదే కదయ్యా. ఇంటికి పంపు, కొత్త కాలు వేస్తా."

"ఎప్పుడు పంపమంటారు?"

మేస్త్రి భార్య వైపు చూశాడు.

"ఇవాళే పంపు అన్నయ్యా" అందావిడ, సంచిలోంచి కార్ఖానా తాళంచెవి తీసి ఆయన ఎడమ చేతిలో పెడుతూ. "పొద్దున్నే గది ఊడ్చే వచ్చాను."