ఎత్తుకోలేని పెద్దమ్మ

పిల్లల్ని పొద్దున్న దించి సాయంత్రం తీసుకెళ్లే కేంద్రం అది. అక్కడ ఆయాగా చేసే ఆమెను జీతమిచ్చే మేడమ్‌తో సహా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. మొన్నమొన్నటిదాకా ఆ పెద్దమ్మకు నీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే గాని నోటిదాకా వచ్చేది కాదు. కీళ్లవాతం. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి సొంత కీళ్లను తింటోందని డాక్టరమ్మ చెప్పింది.

"కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాడు పక్కనున్న భర్త.

"అంతే. ఈ మాత్రలు ఆ కంచెను కాస్త వంచుతాయి. వంచితే బయటి పశువులూ దూరతాయి మరి. జ్వరమొస్తే ఆ రోజే చెప్పు. రక్తపరీక్షలు ఎగ్గొట్టకు."

మాత్ర వేసుకున్న మర్నాడు వికారం, నీరసం. అయినా కొన్ని నెలలకు చేతులు చేతులయ్యాయి. పిల్లలు మళ్లీ చంకెక్కారు. అందరికంటే ముందు ఎక్కేది బంక. ఎత్తుకుంటే దిగదని ఆ రెండేళ్ల పిల్లకు పెద్దమ్మే పెట్టిన పేరు.

ఉద్యోగాలకు పరుగెత్తే తల్లిదండ్రులు జ్వరం మందు పట్టించి, "పళ్లొస్తున్నాయి పెద్దమ్మా, ఒళ్లు వెచ్చగా ఉందంతే," అని దించిపోతారు. మధ్యాహ్నానికి మందు పట్టు తగ్గి పిల్ల పెనంలా కాలుతుంది. పిల్లకు రెండు రోజుల్లో తగ్గిపోయే జలుబే ఆ చలికాలం పెద్దమ్మకు నిమ్ముగా మారి, ఆసుపత్రి మంచం ఎక్కించింది.

ఇంటికొచ్చాక ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. పిల్లల జలుబులు తగ్గాక మొదలెడదామనుకుంది. పిల్లలున్న చోట ముక్కు కారని రోజేది? వేళ్లు మళ్లీ ఉబ్బాయి. ఒకనాడు స్నానం చేయిస్తుంటే బంక చేతుల్లోంచి జారింది. పెద్దమ్మ మోకాలు అడ్డుపెట్టి ఆపింది. ఆటనుకుని పిల్ల నవ్వింది. పెద్దమ్మ తడినేల మీదే చతికిలబడింది.

"మానమని నేను చెప్పానా?" అంది డాక్టరమ్మ.

"ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో మీకేం తెలుసమ్మా?"

డాక్టరమ్మ ఆమె ఉబ్బిన వేళ్లను చేతిలోకి తీసుకుంది. "తెలీదు. కానీ కీలు ఒకసారి పాడైతే మళ్లీ రాదు. మోతాదు తగ్గించి మొదలెడదాం, టీకాలూ వేద్దాం. పిల్లల్ని ఎత్తుకునే పని మాత్రం మానుకో."

"అంటే చేతులు బాగుచేసి, ఎత్తుకోవద్దంటారు."

డాక్టరమ్మ కొత్త మోతాదు చీటీ రాసి చేతికిచ్చింది.

"ఇంట్లో కూర్చోరాదూ?" అన్నాడు భర్త, దారిలో.

"రోజంతా నీ మొహం చూస్తూనా?"

"ఇన్నేళ్లూ చూశావుగా!"

"అందుకే."

మేడమ్ పిల్లల దగ్గర కొత్త ఆయాను పెట్టి, ఆమెను మిషన్‌లో బట్టలుతికే గదికి మార్చింది. మాత్రలు మళ్లీ గుణం చూపించిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బంక ఆ గది సగం తలుపు దగ్గరకొచ్చి, ముక్కు కారుతూ రెండు చేతులూ చాపింది.

"పెద్దమ్మా, ఎత్తు!"

ఎత్తగలదు. ఇప్పుడు సులువుగా ఎత్తగలదు.

"వద్దు తల్లీ. కొత్త ఆయా దగ్గరికి పో."

పిల్ల తలుపు పట్టుకుని ఏడ్చింది. పెద్దమ్మ మూతిగుడ్డ పైకి లాక్కుని, అక్కడినుంచే ఏవేవో కబుర్లు చెప్పింది. చివరికి కొత్త ఆయా వచ్చి ఎత్తుకుంటే, బంక ఆమె మెడ కరుచుకుని ఊరుకుంది.