గడప దాటిన నీలం చెప్పులు

శాలిబండలోని మా ఇంటి గడప దాటిన చెప్పు ఏదీ ప్రాణాలతో బయటపడలేదు. మాది పాలవ్యాపారం. పాలు కాగే చోటికి వీధి దుమ్ము రాకూడదని మా అమ్మ శాసనం. కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన ఒకసారి బూట్లతో లోపల అడుగు పెట్టాడు. అమ్మ చూసిన చూపుకు ముందు బూట్లు బయటికి నడిచాయి, వెనకాల ఆయన వెళ్లాడు.

అలాంటి ఇంటి ముందుగదిలో నేను సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. రెండేళ్ల కిందట అక్కడికి పదకొండేళ్ల అమ్మాయి ఒకతి వచ్చింది. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి, ఫలక్‌నుమా అవతల గుడిసెల్లో ఉంటున్న కుటుంబం. కాళ్లకు నీలం రబ్బరు చెప్పులు, వాళ్ల అన్నయ్యవి కాబోలు. ఒక్కోదాంట్లో ఒక కొత్త జంట కాపురం పెట్టొచ్చు.

గడప దగ్గర ఆగి, "చప్పల్ నై ఉతార్తీ" అంది. విప్పదట.

అమ్మ అరుపుకు చార్మినార్ కూలుతుందని చెవులు మూసుకున్నాను. అమ్మ మాత్రం "ఎందుకు బిడ్డా?" అని అడిగింది. వెంట వచ్చిన తల్లి చెప్పింది. ఊరు తగలబడిన రోజు చెప్పులు వెతుక్కునే వ్యవధి లేక, నాలుగేళ్ల పిల్ల వట్టి కాళ్లతో అడవిదారి నడిచింది. అప్పటినుంచి చెప్పులతోనే నిద్ర. ఎక్కడ కుక్కర్ కూసినా పిల్ల బెదిరి పరుగెత్తి వీధి చివర తేలుతుంది.

అమ్మ గుమ్మం పక్కనే గోనెపట్టా పరిచింది. "గీడ కూసో. నీ చెప్పులు నీ కాళ్లకే ఉండనియ్యి."

యాభై ఏళ్లుగా తడికాళ్లకే నన్ను తిట్టిన నోరది. మనసులో చాలా బాధపడ్డాను.

పిల్ల ఒక కన్ను తలుపు మీద, ఒక కన్ను పలక మీద పెట్టి లెక్కలు చేసేది. ఆ ఒక్క కంటితోనే నాకంటే ముందు జవాబు తెచ్చేది.

వారం తిరగకుండా ఎదురింటాయన వచ్చాడు. గుడి కమిటీ పెద్ద. ఆయన మనవడు, మనవరాలు మా దగ్గరే చదువుతారు. ఆయన నెమ్మదిగా మాట్లాడితే మలక్‌పేటలో పందెపు గుర్రాలు బెదురుతాయి.

"ఏంది అక్కా గిది? మా పిల్లలేమో చెప్పులు బయట ఇడువాలె. ఆ పిల్ల దొరసాని లెక్క తొడుక్కొని కూసుంటదా? ఏ దేశమో ఏందో. రేపటి సంది ఆమెనన్న రావాలె, మావోళ్లన్న రావాలె."

పిల్ల తలెత్తకుండా పుస్తకం సంచిలో పెట్టేసింది. పొమ్మనే మాట ఆమెకు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

అమ్మ లేచి బయటికి వెళ్లింది. బర్రెల కొట్టంలో తొడుక్కునే తోలుచెప్పులు, పేడతో కలిపి ఒక్కోటి దూడంత బరువు, వేసుకుని తిరిగొచ్చి గది నడిమధ్య కుర్చీలో కూర్చుంది.

"ఇగో తమ్మీ, నేను గూడ తొడిగిన. ముందుగాల నన్ను ఎల్లగొట్టు."

"గట్ల గాదక్కా..."

"మరెట్ల? ఆ పిల్ల కాళ్లల్ల ఉన్న బుగులు, గా భయం, నీ మనవలకు అంటుతదా? నేల గలీజయితే నేను కడుగుత. పిల్లనైతే పంప."

ఆయన మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. అది కదలలేదు. "ఆగు తాతా, భిన్నాలు సగంలనే ఉన్నయ్. గా అక్కనే చెప్తున్నది."

ఆయన ఒక్కడే వెళ్లాడు. అమ్మ ఆ సాయంత్రం నేల పదిహేడుసార్లు కడిగింది.

నాలుగు నెలలకు పిల్ల చెప్పులు విప్పి, ముందువైపు వీధికి తిప్పి, పక్కనే పెట్టుకుంది. మర్నాడు చూస్తే బయట మా అందరి చెప్పులూ వీధి వైపే తిరిగి ఉన్నాయి. అమ్మ పని.

"ఆమె ఒక్కతె ఎందుకు ఉరుకుతదిరా? ఉరుకుడైతే అందరం ఉరుకుదం."

అంతలో వంటింట్లో కుక్కర్ కూసింది. పిల్ల సగం లేచింది. అమ్మ అటు తిరిగి, "నోర్ముయ్యి, ఈడ పిల్లలు సదువుకుంటున్నరు" అని కుక్కర్‌ను కసిరింది.

పిల్ల చెప్పుల వైపు చూసింది. కుక్కర్ ఇంకోసారి కూసింది. ఆమె కూర్చుని, ఎదురింటి మనవరాలు తప్పు చేసిన లెక్కను కొట్టేసింది.